అయిదో అంతస్తు తాళంచెవి

చీర మడత విప్పుతున్న వల్సల చెయ్యి సగంలో ఆగిపోయింది. వేలి కొసల్లో చీమలు పాకుతున్నట్టు జివ్వుమంది. బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుని మళ్లీ చీర పట్టుకుంది. పట్టు పట్టులా తగల్లేదు. ఏది అసలు పట్టో, ఏది కలిపి నేసిందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన వేళ్లు అవి. కొత్తగా చేరిన పిల్లలు అనుమానమొస్తే చీర కొంగు తెచ్చి ఆ వేళ్ల మధ్యే పెట్టేవాళ్లు. ఇప్పుడేమో ఎవరివో చేతులు అరువు తెచ్చుకున్నట్టుంది.

"వేళ్లు జివ్వుమంటాయి, మూతి చుట్టూ కూడా. భయపడి మాత్ర మానెయ్యకు" అని ఆదివారం పెద్దాసుపత్రిలో కంటి డాక్టరమ్మ ముందే చెప్పింది. శనివారం సాయంత్రం దుకాణంలో దీపాలన్నిటి చుట్టూ ఇంద్రధనుస్సులు కనబడి, కుడికన్ను ఊడిపడుతుందేమో అన్నంత నొప్పెట్టి, మెట్ల మీదే వాంతి చేసుకుంటే అందరూ తలనొప్పనే అనుకున్నారు. డాక్టరమ్మ కంట్లో దీపం వేసి చూసి, "కంట్లో ఊరే నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఇంకో రోజు ఆగి వచ్చుంటే ఈ కన్ను దక్కేది కాదు" అంది. కంటి పొర తేటపడ్డాక శుక్రవారం లేజరుతో చిన్న చిల్లు పెడతాననీ, అందాకా ఒత్తిడి పెరక్కుండా రోజుకి నాలుగు మాత్రలు తప్పకుండా వేసుకోవాలనీ చెప్పింది.

"ఇది ఒంట్లో నీటిని లాగేసే మందు. మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సొస్తుంది. వెళ్లు. నీళ్లు మాత్రం బాగా తాగు."

వెళ్లు అని డాక్టరమ్మ ఎంత తేలిగ్గా అందో!

వల్సల నిలబడేది రెండో అంతస్తులో, పెళ్లిపట్టుచీరల దగ్గర. పనివాళ్ల బాత్రూం అయిదో అంతస్తులో, సరుకు గది వెనకాల. లిఫ్టు కొనడానికొచ్చేవాళ్లకే. బాత్రూం తాళంచెవి సూపర్‌వైజర్ రోసిలి నడుముకు వేలాడుతుంటుంది. పొద్దున ఒకసారి, భోజనానికి వెళ్లినప్పుడొకసారి, సాయంత్రం ఒకసారి. అంతకుమించి అడిగితే తాళంచెవితో బాటు నాలుగు మాటలు కూడా చేతిలో పడతాయి. వల్సల నిలబడే రెండో అంతస్తు చివరే, అద్దాల గోడ పక్కన, అగరొత్తుల వాసనేసే ఇంకో బాత్రూం ఉంది. అది కొనేవాళ్లది. తొమ్మిదేళ్లలో వల్సల దాని తలుపు తుడిచింది గానీ గడప దాటలేదు.

సోమవారం పదకొండింటికి వల్సల, అందరూ చేచ్చీ అని, అంటే అక్కా అని, పిలిచే రోసిలి ముందు నిలబడింది.

"మళ్లీనా? ఇందాక పదింటికేగా వెళ్లొచ్చావు!"

"మందు చేచ్చీ. కంటికిచ్చారు."

"కంటికి మందేసుకుంటే నీళ్లు కంట్లోంచి రావాలి గానీ, ఇలా రావడమేంటమ్మా!"

చీరలు మడత పెడుతున్న పిల్లలు కిసుక్కుమన్నారు. వల్సల కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా బాగోదని. డెబ్భై ఆరు మెట్లెక్కి దిగేసరికి కాళ్లు పీక్కుపోయాయి. ఒంటిగంటకు మళ్లీ అడిగింది. మూడింటికి అడిగినప్పుడు రోసిలి మాట్లాడకుండా తాళంచెవి తీసి చీరల కుప్ప మీద పడేసింది. మాటలకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. ఓణం సంబరాల్లో మొదటిరోజైన అత్తం వచ్చేసింది, అసలు ఓణానికి తొమ్మిది రోజులే ఉంది. కింద గుమ్మం దగ్గర జనం గుంపులు గుంపులుగా లోపలికి వస్తున్నారు. మేనేజరు డేవిస్ చేతులు వెనక్కి కట్టుకుని అంతస్తు అంతస్తూ తిరుగుతున్నాడు.

"రెండో అంతస్తులో ఒకావిడ ఎప్పుడు చూసినా మెట్ల మీదే ఉంటోంది" అన్నాడు, ఎవరి పేరూ ఎత్తకుండా, అందరికీ వినబడేలా. "మెట్లమ్మే దుకాణం కాదు మనది."

మంగళవారం పొద్దున వల్సల ఒక లెక్కకు వచ్చింది. ఇంట్లో ఆరింటికి ఒక మాత్ర. మధ్యాహ్నం మాత్ర ఒక్కటీ మానేస్తే సరి. నీళ్ల సీసా ఇంట్లోనే వదిలేస్తే మరీ మంచిది. ఒక్క మాత్రకే కొంపలు మునుగుతాయా? అలాగే చేసింది. రోజంతా నాలుక పిడచగట్టుకుపోయినా, రోసిలిని రెండుసార్లే అడిగింది. రోసిలి కూడా, "తగ్గిందా?" అని మెత్తగానే అడిగింది. వల్సలకు తను ఏదో గెలిచినట్టే అనిపించింది.

రాత్రి ఎనిమిదికి బస్సు దిగేసరికి ఆ గెలుపు కాస్తా ఆవిరైపోయింది. మందులషాపు పచ్చదీపం చుట్టూ మళ్లీ రంగుల వలయం. కుడి కనుబొమ్మ మీద ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు బరువు. గేటు దగ్గర ఎదురుచూస్తున్న మొగుడు సుగుణన్ ముఖం సగం మసగ్గా కనబడింది.

"ఏంటే, అలా చూస్తున్నావ్? కొత్తవాణ్ణి చూసినట్టు?"

"కొత్తగానే కనబడుతున్నావు. కాస్త లోపలికి నడిపించు."

సుగుణన్ వెల్డింగ్ పనిచేస్తాడు. కళ్ల సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. సంచిలోంచి మాత్రల అట్ట తీసి, వేలితో గళ్లు తడుముతూ చూశాడు. అరిచేవాడే. కానీ అరవలేదు.

"మధ్యాహ్నానిది ఇక్కడే ఉందేం?"

అతను గ్లాసుతో దాహశమని మూలిక వేసి కాచిన నీళ్లు తెచ్చి మాత్ర చేతిలో పెట్టాడు. గుక్కెడు తాగి దించబోతుంటే గ్లాసు అడుగున చెయ్యి పెట్టి మళ్లీ పైకెత్తాడు.

"మొత్తం తాగు. దుకాణం నీ కన్ను కొనిస్తుందా?"

బుధవారం ఆసుపత్రిలో వరుసలో నిలబడి లోపలికి వెళ్తే డాక్టరమ్మ కన్ను చూసి కనుబొమలు ముడేసింది. పిల్ల డాక్టరు, ముప్ఫై కూడా ఉండవు. నిద్రలేక కళ్ల కింద నల్లగా ఉంది.

"మందు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"ఒక్కటి మానేశా."

"ఎందుకు? కడుపులో తిప్పిందా?"

"లేదండీ."

"మరి?"

వెనక పాతికమంది ఉన్నారు. వల్సల చీర కొంగు వేలికి చుట్టుకుంది. "బాత్రూంకి వెళ్లనివ్వరండీ" అంది చివరికి. "నీళ్లు కూడా మానేశా."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. బహుశా ఆమె చదివిన పుస్తకాల్లో ఈ జబ్బు లేదు. "ఈ మాత్ర వేసుకుంటూ నీళ్లు తాగకపోతే కిడ్నీలో రాళ్లు పడతాయి. మాత్రే మానేస్తే కన్ను పోతుంది" అని మెల్లగా, కోపం లేకుండా చెప్పింది. తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో మలయాళంలోనే రాసి, స్టాంపు గుద్ది ఇచ్చింది. మందు వాడుతున్నన్నాళ్లూ ఈమెను అవసరమైనప్పుడల్లా బాత్రూంకి వెళ్లనివ్వవలెను. "మనిషికి ఇలాంటి చీటీ రాయాల్సొస్తుందనుకోలేదు" అంది, చీటీ మడుస్తూ.

ఆ చీటీని డేవిస్ రెండుసార్లు చదివి సొరుగులో పెట్టాడు.

"మంచిది. ఒంట్లో బాగోకపోతే ఓణం అయ్యేదాకా ఇంట్లోనే ఉండు. ఆ తర్వాత రా, చూద్దాం."

ఆ 'చూద్దాం' ఏమిటో దుకాణంలో అందరికీ తెలుసు. అంతకుముందు ఏడాది గర్భంతో ఉన్న సజితనీ అలాగే 'చూద్దాం' అన్నాడు. సజిత ఇప్పుడు ఇంట్లో అప్పడాలు వత్తుతోంది.

"లేదు సార్, పనికొస్తా" అంది వల్సల.

గురువారం పదిన్నరకు రెండో అంతస్తు లిఫ్టు తెరుచుకుని ఒకేసారి పదమూడుమంది దిగారు. కొడుంగల్లూరు నుంచి వచ్చిన పెళ్లివాళ్లు. పెళ్లికూతురు, తల్లి, పినతల్లులు, వదినలు, వాళ్ల పిల్లలు. అందరికీ వెనకగా, తెల్లటి తట్టం ముసుగులా తలమీద కప్పుకుని, చెవుల నిండా బంగారు రింగులతో ఖదీశుమ్మ. పెళ్లికూతురి అమ్మమ్మ, అందరికీ ఉమ్మ, అంటే అమ్మ. ఎనభైకి దగ్గరలో ఉంటుంది. ఆమె కూర్చునేదాకా మిగతావాళ్లెవరూ కూర్చోలేదు. ఇంత పెద్ద బేరమంటే డేవిస్ వల్సలనే పిలుస్తాడు. సొరుగులో చీటీ ఉన్నా, ఇవాళా ఆమెనే పిలిచాడు.

వల్సల చీరలు పరుస్తూనే ఉంది. పరిచినవి ముప్ఫై దాటాయి. పెళ్లికూతురికి నచ్చింది తల్లికి నచ్చలేదు, తల్లికి నచ్చింది పినతల్లులకు నచ్చలేదు. ఖదీశుమ్మ మాత్రం చీరలు చూడ్డం మానేసి చీరలు పరిచే మనిషిని చూస్తోంది. పన్నెండింటికి వల్సల బల్ల చాటున వంగి మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగడం కూడా చూసింది.

పెళ్లివాళ్లకు నిమ్మకాయ సోడాలొచ్చాయి. ఖదీశుమ్మ తన గ్లాసు వల్సల వైపు జరిపింది.

"తాగు మోళే, తాగు తల్లీ. పొద్దుట్నుంచీ అరుస్తున్నావు."

"వద్దు ఉమ్మా, పనిలో ఉండగా తాగకూడదు."

"నేనిస్తున్నా కదా. తాగు."

కాదనలేక ఒక గుక్క తాగింది. తుప్పునీళ్లు నోట్లో పోసుకున్నట్టు మొహం చిట్లిపోయింది.

ఖదీశుమ్మ ముందుకు వంగింది. "తుప్పులా ఉందా?"

వల్సల గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"మూతి చుట్టూ చీమలు?"

వల్సల తలెత్తి చూసింది.

"వేళ్లలో కూడానా? ఆ మాత్రేనే అమ్మా నువ్వు మింగింది! తెల్లగా గుండ్రంగా, మధ్యలో గీత. నాకు తెలీదా దాని సంగతి? అది వేసుకున్నన్నాళ్లు నా మంచం బాత్రూం గుమ్మంలోనే వేయించా." ఖదీశుమ్మ గొంతు తగ్గించింది. "ఏ కన్ను?"

"కుడిది ఉమ్మా. రేపు లేజరు."

"నాదీ అదే రోగం. నాకు ఎడమది పోయింది." తట్టం కాస్త పక్కకు తీసి, పాలలో ముంచినట్టున్న గుడ్డును చూపించింది. "నోంబు నెలలో, ఉపవాసాలప్పుడు వచ్చింది. పగలు మాత్ర వేసుకోకూడదని నా బుర్రకు నేనే తీర్పు చెప్పుకున్నా. మసీదులో ఉస్తాదును అడిగుంటే, రోగికి నోంబేమిటమ్మా అని తిట్టేవాడు. అడగలేదు. కుడిదాన్ని ఈ మాత్రే కాపాడింది. ఇదుగో, దీంతోనే నీ మొహం చూస్తున్నా. సరే గానీ, నువ్వు పొద్దుట్నుంచి ఒక్కసారీ వెళ్లలేదే?"

వల్సల చుట్టూ చూసింది. డేవిస్ మెట్ల దగ్గరున్నాడు. రోసిలి నాలుగు బల్లల అవతల ఉంది. రెండు ముక్కల్లో చెప్పేసింది. అయిదో అంతస్తు, తాళంచెవి. అంతకంటే చెప్పడానికి ఏముంది? అప్పటికే పొత్తికడుపు రాయిలా బిగిసిపోయి, చెమటలు పడుతున్నాయి.

ఖదీశుమ్మ అద్దాల గోడ పక్కనున్న బాత్రూం తలుపు వైపు చూసింది. తర్వాత అంతస్తంతా వినబడేలా గొంతెత్తింది.

"మేనేజరు ఎవరిక్కడ?"

డేవిస్ పరుగున వచ్చాడు.

"నాకు బాత్రూంకి వెళ్లాలి. కళ్లు సరిగా కనబడవు. ఈ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది."

"ఇంకో అమ్మాయిని పంపిస్తానమ్మా, ఈమె చీరలు..."

"ఈ పిల్ల చెయ్యే నాకు అలవాటైంది. పెళ్లిచీర ఎక్కడికీ పారిపోదు."

మనవరాళ్లు లేవబోయారు. ఖదీశుమ్మ ఒంటికంటితో ఒక చూపు చూసింది. లేచినవాళ్లు కూర్చున్నారు.

లోపల ముందు చేతులు కడుక్కునే చోటు, పెద్ద అద్దం. దాని వెనక ఇంకో తలుపు. బయటి తలుపు మూయగానే ఖదీశుమ్మ వల్సల వీపు మీద ఒక్క తోపు తోసింది. "పద, పద! నాకేం అక్కర్లేదు. ఇక్కడే నిలబడతా."

వల్సల గడియ వేసుకుంది. కడుపులో బిగుసుకున్న రాయి కరిగి, ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఏ కారణమూ లేకుండానే, ఏడుపొచ్చింది. కొళాయి తిప్పి ఏడ్చింది. బయటినుంచి ఖదీశుమ్మ, "నీళ్లు వృథా చెయ్యకు, ఒక్కసారి తిప్పితే చాలు" అంది.

ఒకటిన్నరకు ఖదీశుమ్మకు మళ్లీ 'అవసరం' పడింది. మూడింటికి మూడోసారి. "చక్కెర జబ్బుందమ్మా నాకు, ఏం చెయ్యను" అని డేవిస్‌కు వినబడేలా నిట్టూర్చింది. అప్పటికి పెళ్లిచీర కుదిరి పినతల్లుల చీరల దగ్గరికొచ్చారు.

ఆ మూడోసారే, లోపలి గడియ వేసుకున్న వల్సలకు బయటి తలుపు తీసిన చప్పుడు వినబడింది. ఆ వెంటే రోసిలి గొంతు.

"ఉమ్మా, మీరు ఇక్కడుంటే... లోపలెవరు?"

వల్సల తిప్పబోతున్న కొళాయి మీంచి చెయ్యి తీసేసింది.

"నా పనే జరుగుతోంది లోపల" అంది ఖదీశుమ్మ తాపీగా. "నా తరఫున ఆ పిల్ల చేసి పెడుతోంది."

తాళంచెవుల గుత్తి ఒకసారి గలగలమని ఆగింది. అంతలో బయట టకటకమంటూ బూట్ల చప్పుడు. అవి డేవిస్ బూట్లేనని చెప్పక్కర్లేదు.

"రోసిలీ! వల్సల ఏది? బల్ల దగ్గర జనం నిలబడిపోయారు!"

తను పట్టుబడ్డట్టే. ఓణం దాకా కాదు, ఇక ఎప్పటికీ ఇంట్లోనే. సుగుణన్‌కు ఎలా చెప్పాలా అని వల్సల అప్పుడే మాటలు వెతుక్కుంటోంది.

"ఉమ్మ లోపల ఉన్నారు సార్" అంది రోసిలి గొంతు, నిదానంగా. "వల్సల తోడుంది. నేనూ ఉన్నా. పెద్దావిడ, తొందరపెట్టకండి. అయినా ఆడవాళ్ల బాత్రూం గుమ్మంలో మీకేం పని సార్, నలుగురూ చూస్తే బాగుంటుందా?"

బూట్లు వెనక్కి వెళ్లిపోయాయి.

వల్సల తలుపు తీసేసరికి ఖదీశుమ్మ అద్దంలో తట్టం సర్దుకుంటోంది. రోసిలి వల్సల మొహంలోకి చూడలేదు. కొళాయి కింద చేతులు పెట్టి, అవసరం కన్నా ఎక్కువసేపు కడుక్కుంది.

"రేపు లేజరు ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి చేచ్చీ."

"వెళ్లు. సారుతో నేను చెప్తా." కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ గడప దగ్గర ఆగింది. "మూత్రానికి వెళ్లకుండా ఆపుకుని ఆపుకుని, పోయినేడు జ్వరంతో పదిరోజులు మంచాన పడ్డానే వల్సలా. తాళంచెవి నా నడుముకే ఉంది. అయినా ఎక్కలేదు. నేనెక్కితే మీరంతా అడుగుతారని."

ఖదీశుమ్మ వాళ్లు సాయంత్రం అయిదింటికి వెళ్లారు. వెళ్లేముందు ఆమె వల్సల కుడిచెంప మీద అరచెయ్యి పెట్టింది. "రెండు కళ్లకీ చిల్లు పెట్టించుకో. రెండోది బాగానే ఉందిగా అని వదిలెయ్యకు" అంది. వల్సల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. "ఆ, ఆ" అని తల ఊపింది ఖదీశుమ్మ, మాటంతా విన్నట్టే.

శుక్రవారం డాక్టరమ్మ వల్సల గడ్డం ఒక చట్రానికి ఆనించి, కంటికి అద్దం పెట్టి, కదలొద్దంది. పచ్చటి మెరుపులు, చిటికేసినట్టు చిన్న చిన్న పోట్లు. కుడికన్నయ్యాక వల్సలే అడిగింది, "రెండోది కూడానా అండీ?" అని. "అది నేను చెప్పాల్సింది. నీకెవరు చెప్పారు?" అని డాక్టరమ్మ నవ్వింది.

గంట ఆగాక ఒత్తిడి చూసింది. రెండోసారి చూసింది. "దిగిపోయింది. నీళ్లకు దారి దొరికింది. మాత్రలు ఇక వద్దు, చుక్కలు మాత్రం వారంపాటు వేసుకో." చీటీ రాస్తూ, "ఆ కాగితం పనికొచ్చిందా?" అని అడిగింది.

"సొరుగులో పెట్టారండీ."

డాక్టరమ్మ మొహం వాడిపోయింది.

"కానీ వెళ్లనిచ్చారు" అంది వల్సల వెంటనే. "ఆడవాళ్లు వెళ్లనిచ్చారు." ఆ తర్వాత, ఆసుపత్రిలో ఎవరూ చెయ్యని పని చేసింది. ఆ పిల్ల డాక్టరు రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. మందు వాసన వేసే ఆ చేతులు కాసేపు వెనక్కి పోలేదు.

సోమవారం వల్సల దుకాణానికి వెళ్లేసరికి బల్లల కింద వరసగా నీళ్ల సీసాలున్నాయి. పక్కబల్ల దగ్గర పనిచేసే లతిక చీర మడత పెడుతూనే సీసా ఎత్తి గటగటా తాగేసింది. వల్సల నోరు తెరిచింది.

"నీకు తెలీదు కదూ?" అంది లతిక. "రోసిలి చేచ్చి సారుకు చెప్పింది. ఓణం రద్దీలో కొనేవాళ్ల బాత్రూం గంటగంటకీ శుభ్రంగా ఉందో లేదో చూడాలట. లేకపోతే పెద్దబేరాలు పక్కదుకాణానికి పోతాయట. ఆ కొడుంగల్లూరు ఉమ్మ అలాగే అందని చెప్పింది. అంతే, గంటకొకరం చూసొస్తున్నాం. వంతులు!"

"చూసొస్తున్నారా?"

"చాలా శ్రద్ధగా చూసొస్తున్నాం" అంది లతిక. మిగతావాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

పదకొండింటికి రోసిలి వచ్చి బల్ల మీద వేళ్లతో తట్టింది.

"పద."

"నాకు మాత్రలు ఆపేశారు చేచ్చీ. ఇప్పుడేం అక్కర్లేదు."

"నీకని ఎవరన్నారు? నాకు. నువ్వు గుమ్మంలో నిలబడు చాలు." నాలుగడుగులు వేసి, తల తిప్పకుండానే అంది, "తాగి తాగి చచ్చాను. మీ సీసాలు చూసి నేనూ ఒకటి తెచ్చుకున్నా."

రోసిలి లోపలికి వెళ్లింది. వల్సల అద్దాల గోడకు వీపానించి నిలబడింది. చేతిలో ఎవరో చూసి వదిలేసిన చీర. కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చూసుకుంది. అసలు పట్టు. పడుగూ పేకా రెండూ పట్టే. వేళ్లు తిరిగొచ్చాయి.

బూట్లు టకటకమంటూ వచ్చి ఎదురుగా ఆగాయి.

"రోసిలి ఎక్కడ?" అన్నాడు డేవిస్.

వల్సల ఆ చీర మడిచి భుజాన వేసుకుంది.

"బాత్రూంలో ఉంది సార్. వస్తుంది."

డేవిస్ తలుపు వైపు చూశాడు, వల్సల వైపు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత మెట్ల వైపు నడిచాడు. లోపల కొళాయి తిప్పిన చప్పుడు, దాని వెనకే, ఎవరూ తొందరపెట్టని మనిషి కూనిరాగం వినబడ్డాయి.